"ఏమైతే?" అని ముందే రాసుకోండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి మాట ఇంకోసారి చెప్పుకుందాం. ఇల్లు కట్టి చూశాను గనుక ఆ ముచ్చట చెబుతాను.

నాలుగేళ్ళ కిందట మా డాబా మీద రెండు గదులు వేశాం. నా గొలుసూ, గాజులూ బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బది. జూన్‌లో స్లాబ్ పెట్టుకున్నాం. సగం పోశాక మిల్లర్ ఆగిపోయింది. మావారు మెకానిక్ కోసం తిరుగుతుండగానే వాన! కప్పడానికి ఒక్క పట్టా లేదు. మిగతా సగం మర్నాడు పోశారు. గట్టిపడ్డ కాంక్రీటుకి కొత్తది సరిగా అతకదట. ఇప్పటికీ వానొస్తే ఆ అతుకు కింద బకెట్టు పెట్టుకుంటున్నాం.

"మన ఖర్మ" అన్నారు అత్తయ్యగారు. కాదండీ! జూన్‌లో వాన పడుతుందని తెలియనిదెవరికి? అపశకునం మాటంటారని నేనే నోరు మెదపలేదు.

అందుకే మొన్న మా చెల్లెలు ఇల్లు మొదలుపెట్టగానే ఇద్దరం ఓ పాత నోట్‌బుక్ తీసి నాలుగు గళ్ళు గీశాం. ఏం జరగొచ్చు? ముందుగా కనపడే గుర్తేమిటి? జరిగితే ఏం చేయాలి? ఎవరు చూసుకోవాలి? అందర్నీ అడిగాం. ఎవరి భయం వాళ్ళది. మేస్త్రికి కూలీలు పండక్కి ఊరెళతారని, మరిదిగారికి బ్యాంకు లోను విడత ఆలస్యమవుతుందని.

మేం రాసుకున్నవి కొన్ని:

* సిమెంటు: తయారైన వారం, సంవత్సరం బస్తా మీదే ఉంటాయి. 3 నెలలు దాటినవీ, గడ్డకట్టినవీ వద్దు. చెక్కల మీద, గోడకి ఎడంగా పేర్చాలి.

* వాన, మిల్లర్: పట్టాలు ముందురోజే పైకి చేరాలి. ఇంకో మిల్లర్ అతని ఫోన్ నంబరు దగ్గరుండాలి.

* తడపడం: మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద కలిసిన దానికైనా, మండే ఎండల్లోనైనా 10 రోజులు. మోటారు కాలితే ట్యాంకరు ఎవరు తెస్తారు?

* సెంట్రింగ్: చెక్కలు మరో ఇంటికి కావాలని తొందరపెడతారు. మామూలు సిమెంటైతే నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి కింద పోట్లు కనీసం 7 రోజులు, అంతకి మించితే 14 రోజులు ఉండాలి. ఇంజనీరు సరేనన్నాకే విప్పనివ్వండి.

అన్నిటికీ ఒకేలా భయపడితే పని సాగదు. జరిగే అవకాశం ఎక్కువ, నష్టమూ ఎక్కువ అనిపించిన వాటికి ఎర్రగీత పెట్టాం. ప్రతి ఆదివారం పుస్తకం తిరగేశాం. అంచనా ఖర్చులో పదోవంతు ముట్టుకోకుండా విడిగా ఉంచాం.

స్లాబ్ రోజు మబ్బు పట్టింది. పట్టాలు పరిచారు. అరగంట వాన వెలిశాక పని సాగింది. అయితే మేం రాయనిదీ ఒకటి జరిగింది సుమండీ! ముందురోజు సందులో ఎవరిదో షామియానా అడ్డమొచ్చి కంకర లారీ లోపలికి రాలేదు. తట్టలతో మోయించాం. విడిగా ఉంచిన డబ్బే ఆదుకుంది. ఆ రాత్రే చెల్లెలు పుస్తకంలో "సందు" అని కూడా రాసింది.

కీడెంచి మేలెంచమన్నారు కదా! మీ ఇంట్లో శుభకార్యమున్నా ముందు ఓ పుస్తకం తీయండి.