ఫోను చెప్పిన జబ్బు

ఈ మధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరి మా దగ్గరికి వచ్చి, తన తలలో గడ్డ ఉందేమోనని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఏ డాక్టరుగారు చెప్పారమ్మా అని అడిగాము. "డాక్టరు కాదండీ, ఫోనులో చూశాను" అన్నారు. పది రోజులుగా తలనొప్పి. రాత్రి అందరూ పడుకున్నాక వెతికేవారట. భర్తకు కూడా చెప్పలేదు. మర్నాడు డాక్టరు పరీక్షించి కళ్ళజోడు మార్చుకోమన్నారు. అంతే. కాని ఆ పది రాత్రులు ఆమె పడిన వేదన మాత్రం నిజమైనదే.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. తమ వద్ద వెతికే ప్రతి 20 ప్రశ్నలలో ఒకటి ఆరోగ్యం గురించేనని గూగుల్ సంస్థ 2015లోనే చెప్పింది. అంతకు ముందే, 2008లో, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రయన్ వైట్, ఎరిక్ హార్విట్జ్ ఈ వెతుకులాటను పరిశీలించారు. తలనొప్పి అని వెతికితే, కాఫీ మానేసినందుకు వచ్చే నొప్పి ఎంతగా కనిపించిందో, మెదడులో గడ్డ కూడా దాదాపు అంతగానే కనిపించింది. నిజ జీవితంలో మొదటిది మామూలు విషయం, రెండవది చాలా అరుదు. డాక్టరుకు ఆ తేడా తెలుసు. ఫోను మాత్రం మనం రాసిన మాటకు సరిపడే పేజీలను తెచ్చి ముందు పెడుతుంది. అందులో భయపెట్టే పేరు మీదికే మన వేలు వెళుతుంది. భయంతో గుండె దడ, నిద్రలేమి మొదలవుతాయి. మళ్ళీ వాటిని కూడా వెతుకుతాము!

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదకరం. ఛాతీలో బరువుగా ఉంటే గ్యాస్ అని ఎక్కడో చదివి, సోడా తాగి పడుకునేవారు మన మధ్య లేరా? షుగరు ఉన్నవారికి గుండెపోటు వచ్చినా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. లక్షణాలు చెబితే జబ్బు పేరు చెప్పే 23 సైట్లను, యాప్‌లను హార్వర్డ్ పరిశోధకులు పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. అవి మొదట చెప్పిన పేరు సరైనదైంది సుమారు మూడింట ఒక వంతు సార్లే. ఇప్పుడు తెలుగులో అడిగితే తెలుగులోనే ఓదార్పుగా బదులిచ్చే ఏఐ కూడా వచ్చింది. ఎంత తియ్యగా మాట్లాడినా అది మన నాడి పట్టుకోలేదు. మనం చెప్పడం మరచిపోయినది దానికి తెలియదు.

అయితే వెతికేవారిని నిందించడం మా ఉద్దేశం కాదు. డాక్టరు ఫీజు, పరీక్షల ఖర్చు, పోగొట్టుకునే ఒక రోజు కూలి, అన్నీ లెక్క వేసుకున్నాకే పేదవాడు ఫోను తెరుస్తాడు. రొమ్ములో గడ్డ తగిలిన స్త్రీ సిగ్గుతో ఎవరికీ చెప్పలేక ఫోనును అడుగుతుంది. ఆసుపత్రిలో రెండు నిమిషాలలో చీటీ రాసి పంపితే మిగిలిన సందేహాలు ఎవరిని అడగాలి?

కాబట్టి చదవండి, కాని తీర్పు మీరే రాసుకోకండి. నొప్పి ఎప్పటినుంచి, ఏ వేళలో, దేనివల్ల ఎక్కువవుతోంది, ఏ మందులు వాడుతున్నారు అనేవి కాగితం మీద రాసుకొని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళలేకపోతే ప్రభుత్వపు ఈ-సంజీవని ద్వారా ఉచితంగా డాక్టరుతో మాట్లాడవచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష ఉచితం. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యి కాలు పడిపోవడం, ఊపిరి ఆడకపోవడం వంటివి వస్తే వెతుకుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

సంఘ పెద్దలకు కూడా ఒక మాట. ఎవరైనా ప్రార్థన మనవితో వచ్చినప్పుడు, "ఆసుపత్రికి వెళ్ళారా? తోడు ఎవరైనా ఉన్నారా?" అని కూడా అడుగుదాము. జబ్బు పేరు మనం చెప్పవద్దు, వాట్సాప్‌లో వచ్చిన వైద్యం అసలే చెప్పవద్దు. ఆ సహోదరి పది రోజులు ఒంటరిగా భయపడ్డారు. మొదటి రోజే ఇంట్లో ఒక్కరికి చెప్పి ఉంటే, మిగిలిన రాత్రులు ఆమె నిద్రపోయేవారు.