కాంటూరు మారితే తప్పు ఒప్పవుతుందా?

‘అయ్యగారూ! తవ్వుకోమన్నది ప్రభుత్వమే, పగలగొట్టిందీ ప్రభుత్వమే. ఇందులో పాపం ఎవరిదో దేవుణ్ణడిగి చెప్పండి’ అన్నారు 2006లో కొల్లేటి లంక గ్రామానికి చెందిన ఒక సంఘపెద్ద. చేపల చెరువుల గట్లను పొక్లెయిన్లతో, పేలుడు పదార్థాలతో తొలగిస్తున్న రోజులవి. ఏలూరు నుండి వాక్యం చెప్పడానికి వెళ్లిన మేము, కష్టకాలంలో దేవుని మీద ఆధారపడాలని బోధించి, ప్రార్థన చేసి తిరిగి వచ్చేశాం. ఆయన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు.

నీతి దేవుని నుండి వచ్చిందా, లేక సమాజం తన సౌకర్యం కోసం ఏర్పరచుకున్నదా అన్న చర్చను వేదాంత కళాశాలలో గ్రీకు తత్వవేత్తలతో మొదలుపెట్టి చదువుకున్నాం, పరీక్షలు కూడా రాశాం. అది ఎంత బరువైన ప్రశ్నో కొల్లేటి గట్టు మీదే అర్థమైంది. 1970లలో మత్స్యకారుల, బలహీనవర్గాల సహకార సంఘాలకు కొల్లేటిలో చెరువులు కేటాయించింది ప్రభుత్వమే. క్రమంగా వాటిలో చాలా భాగం లీజుల పేరుతో డబ్బున్నవారి చేతుల్లోకి వెళ్లింది. 1999లో 5వ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ గుర్తింపు లభించింది. 2006లో చెరువులను ధ్వంసం చేశారు. 2008లో కాంటూరును 3కు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది! అది అమలు కాలేదు గానీ ఆ కోరిక మాత్రం చావలేదు.

సమాజమూ చట్టమూ కలిసి తేల్చిందే నీతి అయితే, ఒకే చెరువు ముప్పై ఏళ్లలో ఒప్పయి, తప్పయి, మళ్లీ సగం ఒప్పయిందన్నమాట! మరి గట్టు అవతల వల వేసుకుని బతికే పేదవానికి అన్యాయం జరిగిందెప్పుడు? అనుమతి ఉన్నప్పుడా, లేనప్పుడా? అతణ్ణి అడిగితే కాంటూరు లెక్క చెప్పడు, తన నీళ్లు పోయాయంటాడు.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో నిలబడి కాటాలు చూస్తే మాకు ఈ సంగతి కొంత తేటపడింది. ఒకప్పుడు వీశెలు, మణుగులు ఉండేవి. 1956లో చట్టం వచ్చి క్రమంగా కిలోలు వాడుకలోకి వచ్చాయి. రేపు మరేదైనా రావచ్చు, అది సమాజం ఇష్టం. కానీ చెప్పిన తూకం కన్నా తక్కువ ఇవ్వడం మోసమని ఏ శాసనసభ తీర్మానించింది? వీశెలనాడూ అది మోసమే, కిలోలనాడూ మోసమే. సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు తూనికరాళ్లు పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం హెచ్చరిస్తుంది. రాయి ఎంత బరువుండాలో అక్కడ చెప్పలేదు. కొలత మనిషిది, మోసగించవద్దన్న ఆజ్ఞ దేవునిది. కాంటూరు కూడా అలాంటి కొలతే. అది 5 అయినా 3 అయినా నిపుణులు తేల్చవలసిందే, బైబిల్లో వెదికితే దొరకదు. అయితే యెహెజ్కేలు 34వ అధ్యాయంలో దేవుడు బలిసిన గొర్రెలను నిలదీస్తాడు: మంచి నీళ్లు మీరు తాగి, మిగిలినవాటిని కాళ్లతో కలకచేసి బక్కవాటికి వదిలిపెడతారా అని! కొల్లేటికి ఇంతకన్నా దగ్గరి లేఖనం మాకు దొరకలేదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు కొల్లేటిలోకి దిగి లంక గ్రామాలను చుట్టుముట్టింది. ఎవరి గట్టుకు అనుమతి ఉందో, ఎవరి గట్టుకు లేదో ఆ వరద అడగలేదు.

దేవుణ్ణి నమ్మనివారిలో నీతి లేదా అంటారు కొందరు. ఉంది, ఒక్కోసారి మనకన్నా ఎక్కువే ఉంది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని ప్రారంభించిన గోరా అంటరానితనంపై జీవితమంతా పోరాడారు. ఆనాడు సమాజం అంటరానితనాన్ని తప్పనలేదు, ఆచారమంది. కులాన్ని గుమ్మం బయట వదలలేకపోయిన క్రైస్తవ సంఘాలూ ఉన్నాయి. మరి గోరా సమాజాన్ని ఏ కొలబద్దతో కొలిచారు? ధర్మశాస్త్రం లేనివారి హృదయాల మీద కూడా దాని సారం రాసి ఉందని పౌలు రోమా పత్రిక 2వ అధ్యాయంలో అంటాడు. గోరా ఈ జవాబును ఒప్పుకోకపోవచ్చు. కానీ సమాజమే నీతికి మూలమైతే సమాజాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ ఉండదు, ఆయనకు కూడా!

ఇక సంఘపెద్ద ప్రశ్న. పాపం అనుమతిలో లేదు, అనుమతి రద్దులోనూ లేదు. పేదల పేరున ఇచ్చిన నీటిని పేదల చేతుల్లోంచి లాక్కోవడంలో ఉంది. ఆనాడే ఇది ఎందుకు చెప్పలేకపోయామంటే, ఆ మందిరానికి శ్లాబు వేయించింది చెరువుల లీజుదారు ఒకాయన. కానుక అందుకున్నప్పుడు ఆశీర్వదించి ప్రార్థన చేసింది మేమే. ఆ డబ్బు ఏ చెరువుదని అడగలేదు. అందులో వాటాలు పోగొట్టుకున్న రెండు మూడు కుటుంబాలవారు అదే శ్లాబు కింద, వెనక చాప మీద కూర్చుని ఆమెన్ అన్నారు.