వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు

సంసార భారం మోసే ఒకరి సంపాదనకు ఇంట్లో మరొకరు తెచ్చే నాలుగు రూపాయలు జతపడినప్పుడు 'వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు' అనడం తెలుగువారికి అలవాటు. వాడుకలో ఈ మాటకు ఆ అర్థమే స్థిరపడిపోయింది గాని, దీని మూలం పెరటిలోని నీళ్ళ పొయ్యి దగ్గర ఉంది. కాగులో మరిగే నీరు కొద్దిపాటిదే అయినా, తగినన్ని చన్నీళ్ళు కలుపుకొంటే ఇంటిల్లిపాదికీ స్నానం జరుగుతుందన్న గృహిణి అనుభవమే ఆ మాటగా రూపుదిద్దుకొంది. పట్టణాలలో గోడ గోడకూ గీజరు వెలసిన తరువాత ఆ కొలత మరుగున పడింది. వేడినీటిని కొలిచి వాడుకొనే అలవాటును తిరిగి తెచ్చుకోవడం ఇంధన పొదుపునకు ఎంతో సులువైన మార్గం. అయితే దీపాలు ఆర్పమని చెప్పే ప్రచారాల సందడిలో ఈ విషయం ఎవరి చెవినీ పడడం లేదు.

పూర్వం నీళ్ళు కాచడం ఒక పెద్ద పని. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేయాలి. కట్టెలు, కొబ్బరి మట్టలు, కందికంప, పత్తికట్టె, ఏ సీమలో ఏది దొరికితే అది ముందుగానే సమకూర్చుకోవాలి. కళ్ళెదుట కట్టెల మోపు తరుగుతూ ఉంటే ఎవరికి ఎన్ని చెంబుల నీళ్ళన్న లెక్క దానంతట అదే వచ్చేది. అంతమాత్రాన ఆ కాలాన్ని స్వర్ణయుగమని కీర్తించవలసిన పని లేదు. ఆ మోపును నెత్తిన మోసినవారు స్త్రీలు. ఆ పొగను పీల్చినవారూ వారే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రవేశపెట్టిన ఉజ్జ్వల పథకం ఎన్నో పేద ఇళ్ళకు గ్యాసు పొయ్యిని తెచ్చాయి. అయినా సిలిండరు ఖరీదుకు వెరచి, వంట మాత్రం గ్యాసు మీద చేసుకొని, స్నానానికి నీళ్ళు కట్టెల మీద కాచుకొనే కుటుంబాలు పల్లెలలో ఇప్పటికీ ఉన్నాయి. అటువంటి ఇంట ఒక బకెట్టు వేడినీరు తగ్గితే, ఆ మేరకు ఒక తల్లి కళ్ళ మంట తగ్గుతుంది.

పట్టణపు ఇంటిలో ఆ పొగ కనబడదు. మీట నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. కుళాయి తిప్పితే వేడినీరు వస్తుంది. ఆ కుళాయి వెనుక ఎంత శక్తి ఖర్చవుతున్నదో ఊహకు అందదు. నీటికి వేడిని ఇముడ్చుకొనే గుణం చాలా ఎక్కువ. ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడి చేయడానికి సుమారు 4,200 జౌళ్ళ శక్తి కావాలి. 1840లలో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త బరువులను కిందికి జారవిడిచి, వాటి పతనంతో నీటిలో తెడ్లను తిప్పి, ఆ చిలుకుడు వల్ల నీరు ఎంత వేడెక్కుతుందో కొలిచాడు. ఆ లెక్క ప్రకారం, లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేసే శక్తితో అదే లీటరు నీటిని సుమారు 427 మీటర్ల ఎత్తుకు లేపవచ్చు. చలికాలంలో కుళాయి నీరు 20 డిగ్రీలు ఉన్నదనుకొందాం. దానిని స్నానానికి అనువుగా 40 డిగ్రీలకు తేవడమంటే, శక్తి విషయంలో ఆ నీటిని ఎనిమిదిన్నర కిలోమీటర్ల ఎత్తుకు చేర్చడంతో సమానం. ఎవరెస్టు శిఖరాగ్రానికి అది మూడు వందల మీటర్లు మాత్రమే తక్కువ. ఇంతటి పర్వతారోహణం ప్రతి ఉదయం స్నానాల గదిలో చడీచప్పుడు లేకుండా జరిగిపోతున్నది.

దీనినే విద్యుత్తు మీటరు భాషలో చెప్పుకోవచ్చు. 20 లీటర్ల బకెట్టు నీటిని పైన చెప్పిన విధంగా వేడి చేయడానికి అర యూనిట్‌కు కాస్త తక్కువ విద్యుత్తు పడుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ దీపం అంత విద్యుత్తుతో యాభై గంటలకు పైగా వెలుగుతుంది. అంటే రెండు రాత్రులు, రెండు పగళ్ళు. పక్క గదిలో దీపం ఆర్పడం మరచిన పిల్లవాణ్ణి గట్టిగా మందలించే తండ్రి, తాను మాత్రం షవరు కింద పది నిమిషాలు తీరుబడిగా నిలబడతాడు. సాధారణమైన షవరు నుంచి నిమిషానికి ఎనిమిది నుంచి పది లీటర్ల నీరు పడుతుంది. పది నిమిషాలలో దాదాపు 90 లీటర్లు, అంటే నాలుగున్నర బకెట్లు. అందుకయ్యే విద్యుత్తు రెండు యూనిట్లకు పైమాటే. పిల్లవాడు చేసిన తప్పు కొన్ని పైసలు. తండ్రి చేసిన ఖర్చు కొన్ని రూపాయలు. దీపం ఆర్పవద్దని ఎవరూ అనరు. కాని చిల్లర పైసలను ఏరుకొంటూ నోట్లను జారవిడుచుకోవడం పొదుపు అనిపించుకోదు.

ఈ విద్యుత్తు వచ్చే దారి మరీ విచిత్రమైనది. సింగరేణి గనులలో తవ్విన బొగ్గును రామగుండంలోనో, కొత్తగూడెంలోనో మండించి, ఆ వేడితో నీటిని ఆవిరిగా మారుస్తారు. ఆవిరి టర్బైనును తిప్పుతుంది. అది విద్యుత్తును పుట్టిస్తుంది. బొగ్గులోని వేడిలో ఇంచుమించు మూడోవంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుంది, మిగిలినది పొగగొట్టాల గుండా, చల్లార్చే నీటి గుండా పోతుంది. తీగల వెంట వచ్చేటప్పుడు మరికొంత తరుగుతుంది. ఇన్ని అవస్థలు పడి ఇల్లు చేరిన ఆ విద్యుత్తుతో తిరిగి చేసే పని ఏమిటి? నీటిని వేడి చేయడం! యంత్రాలను తిప్పగల, అక్షరాలను వెలిగించగల ఉత్తమమైన శక్తిని గోరువెచ్చని నీటి కోసం వెచ్చించడం పట్టుచీరతో పొయ్యి తుడవడం వంటిది. మన థర్మల్ కేంద్రాలలో ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. కాబట్టి ఆ పది నిమిషాల షవరు వెనుక కిలోకు మించిన బొగ్గు ఉన్నది. ఆ బొగ్గు ముక్కలను స్నానాల గది గుమ్మం ముందు పోసి చూపించగలిగితే ఎవరూ అంతసేపు లోపల నిలబడరేమో!

'మా బిల్లు మేము కట్టుకొంటున్నాం, మధ్యలో మీకేమిటి బాధ?' అని ప్రశ్నించేవారు లేకపోలేదు. ఆ ప్రశ్నలో కొంత న్యాయం ఉన్నట్లే తోస్తుంది. అయితే గీజర్లు వేరువేరు వేళలలో కాక, చలికాలంలో ఆరు నుంచి తొమ్మిది గంటల మధ్య దాదాపు ఒకేసారి పనిచేస్తాయి. ఒక్కొక్క గీజరు రెండు కిలోవాట్లు తీసుకొంటుంది. ఒక నగరంలో లక్ష గీజర్లు ఒకేసారి వెలిగితే 200 మెగావాట్లు కావాలి. 1980లలో రామగుండంలో మొదట నెలకొల్పిన యూనిట్ల సామర్థ్యం ఒక్కొక్కటి సరిగ్గా అంతే. పైగా అది సూర్యుడు ఇంకా పైకెక్కని వేళ. కర్నూలు సమీపంలో వెలసిన 1,000 మెగావాట్ల సౌరపార్కు వంటివి అప్పటికి నిద్ర కళ్ళతోనే ఉంటాయి. ఆ లోటు పూడ్చవలసినవి బొగ్గు కేంద్రాలే. ఉదయపు గిరాకీ కోసం కట్టే కేంద్రాల ఖర్చు చివరకు అందరి బిల్లులలోనూ చేరుతుంది, గీజరు ఎరుగని ఇంటి బిల్లుతో సహా.

ఇక్కడ పొదుపు ఎవరు చేయాలన్న ప్రశ్న వస్తుంది. డిసెంబరు చలిలో ఎందరో హాస్టలు విద్యార్థులు తొట్టి దగ్గర వణుకుతూ చన్నీళ్ళు గుమ్మరించుకొని తరగతికి పరుగెడతారు. వారికి వేడినీటి పొదుపును బోధించడం హాస్యాస్పదం. వారికి ఒక బకెట్టు వేడినీరు అందేట్లు చూడడమే న్యాయం. బాలింతలకు, పసిపాపలకు, వృద్ధులకు, రోగులకు వేడినీరు అవసరం. అక్కడ లెక్కలు చూడరాదు. తలంటు పోసుకొనే దీపావళి ఉషస్సున, నీళ్ళను భోగిమంట మీదనే కాచుకొనే పండుగ నాడు ఎవరూ కొలపాత్ర పట్టుకొని నిలబడనక్కరలేదు. పొదుపు చేయవలసినవారు ఆరోగ్యం, స్తోమత రెండూ ఉండి, కేవలం అలవాటు వల్ల నీటిని ధారపోసేవారు. వారికి కూడా చన్నీళ్ళు పోసుకొమ్మని ఎవరూ చెప్పడం లేదు. నీళ్ళను 40 డిగ్రీలకు బదులు మన దేహపు వేడితో సమానమైన 37 డిగ్రీల దగ్గర ఉంచుకొన్నా నూటికి పదిహేను వంతుల శక్తి మిగులుతుంది. షవరుకు బదులు బకెట్టు పెట్టుకొంటే మిగిలేది అంతకు ఎన్నో రెట్లు.

వంటింటిలో జరిగే దుబారా దీనికి తక్కువదేమీ కాదు, పైగా అది ఎవరి దృష్టికీ రాదు. తాగే నీటిని మరిగించడం ఆరోగ్యానికి మంచిది. దానిని మానుకోవడం పొదుపు కాదు. అయితే నీరు బాగా తెర్లడం మొదలైన తరువాత ఒక్క నిమిషం ఉంచితే మన ప్రాంతాలలో సూక్ష్మజీవులు నశించడానికి చాలు. చాలా ఇళ్ళలో పావుగంట, అరగంట మరగనిస్తారు. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవడానికి ఎంత వేడి కావాలో, అదే లీటరు పూర్తిగా ఆవిరి కావడానికి దానికి ఏడు రెట్లు కావాలి. కాబట్టి తెర్లుతున్న గిన్నె నుంచి పైకి లేచే ప్రతి ఆవిరి మేఘమూ గ్యాసు సిలిండరు నుంచి ఎగిరిపోయే ధనమే. మూత పెట్టడం, తెర్లిన వెంటనే మంట తగ్గించడం, రెండు కప్పుల తేనీటికి రెండు కప్పుల నీళ్ళే పెట్టడం చిన్న పనులే గాని, వాటి లాభం ఏడాది పొడుగునా ఉంటుంది.

బట్టల సంగతి త్వరగా తేలిపోతుంది. వేడినీటితో ఉతికే యంత్రంలో విద్యుత్తులో అత్యధిక భాగం నీటిని వేడి చేయడానికే పోతుంది, డ్రమ్మును తిప్పడానికి కాదు. నేటి సబ్బుపొడులు చన్నీటిలోనూ మురికిని వదిలిస్తాయి. ఇక మే నెలలో మేడమీది తొట్టి నుంచి వచ్చే నీరే చేయి కాల్చేటంత వేడిగా ఉండే రామగుండం, విజయవాడ వంటి ఊళ్ళలో కూడా కొన్ని ఇళ్ళలో గీజరు మీట పైకే ఉంటుంది. అలవాటు ఎంత గుడ్డిదో తెలియడానికి వేరే నిదర్శనం అక్కరలేదు. పదిహేను లీటర్ల గీజరు చలికాలంలో సైతం ఇరవై నిమిషాలలో కాగుతుంది. ఆ తరువాత స్నానం ఆలస్యమయ్యేకొద్దీ అది వేడిని గోడకు సమర్పించుకొంటూ, మళ్ళీ మళ్ళీ విద్యుత్తును అడుగుతూ ఉంటుంది.

సూర్యుని వేడినే వాడుకొంటే సరిపోతుంది కదా అనేవారున్నారు. మంచి మాటే. ఇజ్రాయెల్ 1980లోనే కొత్త ఇళ్ళకు సౌర హీటరు తప్పనిసరి అని చట్టం చేసింది. మన పొరుగున ఉన్న కర్ణాటక 2007లో అటువంటి నిబంధన తెచ్చినప్పటి నుంచి బెంగళూరు మేడల మీద ఆ పలకలు సర్వసాధారణమయ్యాయి. అయితే అక్కడ కూడా సామెత చెప్పిన కొలతను తప్పించుకోలేం. నూరు లీటర్ల సౌర హీటరులో 60 డిగ్రీలకు కాగిన నీటికి 20 డిగ్రీల చన్నీళ్ళు మరో నూరు లీటర్లు తోడైతే, గోరువెచ్చని నీరు రెండు వందల లీటర్లు. బకెట్టుతో స్నానం చేసేవారైతే అది పదిమందికి చాలుతుంది. షవరు కింద పదేసి నిమిషాలు నిలబడేవారైతే ఇద్దరితో అయిపోతుంది; మూడో మనిషి స్నానాల గది తలుపు వేసుకొనేసరికి, తొట్టిలో అమర్చిన విద్యుత్ హీటరు పనిలో దిగుతుంది.