కొనుక్కొచ్చిన గుమ్మడికాయతో కోత పండుగా?



దసరా సెలవులు దగ్గరికొచ్చాయి. వాటి వెనకాలే పత్తి ఏరడం, ఆ తర్వాత వరి కోతలు, నవంబరు ఆఖరున మన కోత పండుగ. ఈ రెండు నెలలూ మన ఇళ్లల్లో ఎవరికీ తీరిక ఉండదు. అందుకే ఈ మాట ముందుగానే చెప్తున్నాను. కొందరికి కోపం రావచ్చు. మొదటి తప్పు నాదే కాబట్టి నాతోనే మొదలుపెడతాను.

పోయిన ఏడు కోత పండుగ మీకు గుర్తుండే ఉంటుంది. గుడి ముందు పందిరి, పందిట్లో బియ్యం బస్తాలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, గుమ్మడికాయలు. ఆరాధన ముగిశాక వేలం పాట. పాట పాడించింది నేనే. ఒక నిమ్మకాయ మీద ఇద్దరు పెద్దమనుషులు పోటీపడి వేలల్లోకి తీసుకెళ్లారు. మైకులో నేను ఉత్సాహంగా అరుస్తున్నాను, జనం చప్పట్లు కొడుతున్నారు.

ఆ రోజు మూడో తరగతి చదివే పిల్లవాడొకడు రెండు బీరకాయలు తెచ్చాడు. వంకర తిరిగినవి. ఒకటి ముదిరిపోయింది కూడా. అమ్మమ్మ ఇంటి వెనక దడికి పాకించిన తీగ అది, దానికి నీళ్లు పోసింది వాడే. వీటికి ఎవరు పాడతారులే అని నేను వాటిని పక్కన పెట్టించాను. సాయంత్రమైంది. అందరూ భోజనాలు చేసి వెళ్తున్నారు. వాడు మాత్రం పందిరి గుంజ పట్టుకొని నిలబడి ఉన్నాడు. "అయ్యగారూ, నా బీరకాయల పాట ఇంకా రాలేదా?" అని అడిగాడు.

"వాటిని నేనే కొనుక్కున్నానురా" అన్నాను. అది అబద్ధం. అప్పటికి అవి ఎక్కడున్నాయో కూడా నాకు తెలియదు. వంటవాళ్ల కుప్పలో కలిసిపోయాయని తర్వాత తెలిసింది. మరుసటి ఆదివారం వాడికి నిజం చెప్పి క్షమించమని అడిగాను. "పర్లేదు అయ్యగారూ" అన్నాడు. ఆ 'పర్లేదు' ఈనాటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

ఎందుకంటే, ఆ పందిట్లోకి పిల్లలు మోసుకొచ్చిన వాటిలో నిజమైన కోత అర్పణ అని నేను గట్టిగా చెప్పగలిగింది ఆ రెండు బీరకాయలే. చాలామంది పిల్లల చేతుల్లో ఉన్న గుమ్మడికాయలు ఆ పొద్దునే సంతలో కొన్నవి. కొన్న మీకూ తెలుసు, తీసుకున్న నాకూ తెలుసు. పిల్లకు కొత్త గౌను తొడిగి, చేతిలో కాయ పెట్టి, ఫోటో తీసి, పోయి అయ్యగారికి ఇవ్వమన్నారు. ఆ కాయ ఏ తీగకు కాసిందో ఆ పిల్లకు తెలియదు. అది ఇవ్వడంలో తనకు పోయిందేమీ లేదు. అందుకే మిగిలిందీ ఏమీ లేదు.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం తీసి చదవండి. ప్రథమ ఫలాలు తెచ్చేవాడు గంపను యాజకుడి చేతికిచ్చి ఊరకే వెళ్లిపోడు. నోరు విప్పి మాట్లాడాలి. మా పితరుడు దిక్కులేక తిరిగినవాడు, మేము ఐగుప్తులో బానిసలం, దేవుడు మమ్మల్ని విడిపించి ఈ నేల ఇచ్చాడు, ఆ నేల పండించింది ఇదిగో అని తన కథ చెప్పుకోవాలి. గంపలో కాయ ఉంటే చాలదు, కాయ వెనక కథ ఉండాలి. సంతలో కొన్న కాయకు ఏ కథ ఉంది? కిలో ఎంత అన్నదే దాని కథ.

ఇప్పుడు ఇంకో మాట. దసరా సెలవుల్లో మన పిల్లలకు మనం నేర్పుతున్నదేమిటి? వీధిలో బతుకమ్మ వస్తుంది. పక్కింటి ఆడపిల్ల పొద్దున్నే అమ్మతో కలిసి చెలకల్లోకి, గట్ల మీదికి వెళ్లి తంగేడు, గునుగు, గుమ్మడి పూలు కోసుకొస్తుంది. గునుగు పువ్వుకు రంగు అద్దడం అమ్మ దగ్గరే నేర్చుకుంటుంది. తొమ్మిది రోజులు ఆ తల్లీ బిడ్డా కలిసి ఒక పని చేస్తారు. మన పిల్ల గడపలో నిలబడి చూస్తుంది. "మనం ఎందుకు చెయ్యమమ్మా?" అని అడుగుతుంది. "మనం చెయ్యం, అంతే" అంటాం.

మన విశ్వాసం మనది. ఆ విషయంలో నేను మెత్తబడమని చెప్పడం లేదు. కానీ 'మనం చెయ్యం' అన్నది సంప్రదాయం కాదు సోదరులారా. అది ఖాళీ గంప. ఏం చెయ్యమో మాత్రమే తెలిసిన పిల్లవాడు, ఏం చేస్తామో తెలియకుండా పెరిగిన పిల్లవాడు, రేపు పట్నం పోయాక గుడికి రావడం కూడా 'చెయ్యని' వాటిలో కలిపేస్తాడు. అప్పుడు కన్నీళ్లతో ప్రార్థన చీటీ రాసి నాకు పంపుతారు. ఆ చీటీలు నా దగ్గర చాలానే ఉన్నాయి.

మన దేవుడు ఈ రుతువును ఖాళీగా వదిలిపెట్టలేదు. పాత నిబంధనలో ఈ కాలానికే పర్ణశాలల పండుగ ఉంది. కళ్లం పనీ ద్రాక్షతొట్టి పనీ ముగిశాక ఏడు రోజులు. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో ఆ పండుగలో సంతోషించాల్సిన వాళ్ల పట్టిక చూడండి. కొడుకు, కూతురు, ఇంట్లో పనివాళ్లు, లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రి లేనివాళ్లు, విధవరాలు. పిల్లల పేరు ముందుంది. లేవీయకాండము 23లో కొమ్మలు తెచ్చి పర్ణశాలల్లో నివసించమన్నాడు. ఎందుకు? తర్వాతి తరాలవాళ్లకు తెలియాలని. నెహెమ్యా 8వ అధ్యాయంలో జనం కొండకు పోయి ఒలీవ కొమ్మలు, ఈత కొమ్మలు తెచ్చి ఇంటి కప్పుల మీద, వాకిళ్లలో పాకలు వేసుకున్నారు. తండ్రి గుంజ నిలబెడుతుంటే కొమ్మ అందించింది ఎవరు? ఇంట్లో పిల్లలే అయ్యుంటారు కదా. దేవుడు పిల్లలకు ప్రసంగం కంటే ముందు కొమ్మ మోసే పని ఇచ్చాడు.

"టైమ్ ఎక్కడుంది అయ్యగారూ?" అంటారు. ఈ మాట నేను కొట్టిపారేయను. పత్తి ఏరే కాలంలో కిలోల లెక్కన కూలి. ఒక పూట పోతే ఇంటికి ఎంత నష్టమో నాకు తెలుసు. పొద్దున వంట చేసి డబ్బా కట్టుకొని ఆటో ఎక్కిన తల్లి చీకటి పడ్డాక వస్తుంది. ఆమెను పట్టుకొని ఇంకో కార్యక్రమం పెట్టమంటే అది పరిసయ్యుల పని, మోయలేని బరువు కట్టి భుజాన పెట్టడం. నేను అడిగేది కొత్త కార్యక్రమం కాదు. ఎలాగూ చేసే పనిలో పిల్లను పక్కన కూర్చోబెట్టుకోమంటున్నాను. ఇంకొకటి కూడా నిజాయితీగా అడుగుతాను. ఆ అలసిన రాత్రి కూడా ఫోన్‌లో వీడియోలకు టైమ్ దొరుకుతోందా లేదా? మీ ఇంటి సంగతే కాదు, మా ఇంటి సంగతి కూడా అంతే.

ఇక సెలవుల్లో స్పెషల్ క్లాసులు. దాదాపు రెండు వారాలు సెలవులిస్తే, అందులో సగం మళ్లీ ఫీజు కట్టి క్లాసులకు పంపుతున్నాం. ఆరో తరగతి పిల్లకు కూడా! చదువు కావాలి. మా నాన్న కూలిపని చేసి నన్ను చదివించాడు, చదువు విలువ నాకు చెప్పనక్కరలేదు. కానీ ఇంట్లో ఎవరితోనూ కలిసి ఒక పని పూర్తిచేసిన జ్ఞాపకం లేని బాల్యానికి ఏ ర్యాంకు సరితూగుతుంది?

ఇక్కడ ఒక హెచ్చరిక. పిల్లలకు పని నేర్పండి అన్నానని బడి మాన్పించి పత్తి ఏరడానికి తీసుకెళ్లేవారు నా మాటను అడ్డం పెట్టుకోవద్దు. పద్నాలుగేళ్లలోపు పిల్లను కూలికి పంపడం చట్టం ముందు నేరం, దేవుని ముందు పాపం. పిల్ల వేళ్లు పత్తికాయల మొనలకు చీరుకుపోతుంటే అది సంప్రదాయం కాదు, దోపిడీ. నేను చెప్పేది తన తీగకు చెంబెడు నీళ్లు పోసుకునే పని.

మనది వేర్లు లేని సంఘం కాదు. మన దోర్నకల్‌లోనే 1912లో బిషప్ అయిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్, క్రైస్తవులు ఇవ్వడం గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కెథడ్రల్ చూడండి. గుమ్మటాలు మసీదును గుర్తుచేస్తాయి, స్తంభాలు కోవెలను గుర్తుచేస్తాయి. ఆరాధన మాత్రం క్రీస్తుదే. ఈ నేల రూపం చూసి ఆయన భయపడలేదు. మన నాయనమ్మల 'పిడికెడు బియ్యం' గుర్తుందా? ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసేవాళ్లు. ఆదివారం ఆ కుండ గుడికొచ్చేది. మిజోరంలో సంఘాలు 1910లో మొదలుపెట్టిన ఇలాంటి పద్ధతిని ఈనాటికీ విడిచిపెట్టలేదు. మన దగ్గర కుండ పోయి కవరు వచ్చింది. కవరులో నాన్న డబ్బు పెడతాడు. పిల్ల పిడికిలికి పని లేకుండా పోయింది.

పరిగె కూడా పోయింది. కోత కోసేటప్పుడు మూలలు పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగె బీదలకు, పరదేశులకు వదలమని లేవీయకాండం చెప్తుంది. నా చిన్నప్పుడు కోత అయిన మడిలో మేం పరిగె ఏరుకునేవాళ్లం. ఇప్పుడు కోత మిషను ఒక్క గంటలో ఎకరం ఊడ్చేస్తోంది. మిషను వద్దని నేనను. కానీ మిషను వచ్చాక పేదవాడి వంతు ఎటు పోయిందని మన పిల్లల ముందు ఎప్పుడైనా మాట్లాడామా?

అమెరికాలో ఉన్న మన బిడ్డలకు కూడా ఒక మాట. అక్టోబరు వచ్చిందంటే గుమ్మడి తోటలకు పిల్లల్ని తీసుకెళ్లి ఫోటోలు పంపుతారు. చూసి సంతోషిస్తాను. హాలోవీన్ గురించి నన్ను అడుగుతారు, అది వద్దంటే సరిపోతుందనుకుంటారు. మీకూ అదే చెప్తాను, వద్దు అన్నది సగమే. నవంబరు నాలుగో గురువారం మీకు థాంక్స్ గివింగ్ సెలవుంది. ఆ రోజు మీ పిల్లలతో వంట చేయించి, ఒంటరిగా ఉన్నవాళ్లను ఒకరిని బల్ల దగ్గరికి పిలవండి. మీ తాత ఏ పొలంలో కూలి చేశాడో ఆ బల్ల దగ్గర చెప్పండి. ద్వితీయోపదేశకాండం 26 అంటే అదే.

ఇప్పుడు మన సంఘానికి. ఈ ఏడు కోత పండుగలో పిల్లల అర్పణలు వేలానికి పెట్టను. పెద్దల వేలం ఉంటుంది. ఆ డబ్బుతోనే గుడి రేకులు మార్చుకున్నామని నాకు తెలుసు, సంఘ పెద్దలు కంగారుపడవద్దు. కానీ ఆరాధనలో మొట్టమొదట పిల్లలు వస్తారు. ఒక్కొక్కరు తాము తెచ్చింది చూపించి, దాన్ని ఎలా పెంచారో రెండు మాటలు చెప్తారు. బహుమతులు ఉండవు, మొదటి ద్వితీయ స్థానాలు ఉండవు. వాళ్లు తెచ్చిందంతా అదే రోజు ప్రేమవిందులో వండుతాం. ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లను పిల్లలే వెళ్లి పిలుచుకొస్తారు, వాళ్లు ఏ గుడికి వెళ్లేవాళ్లైనా సరే.

కొన్నది తేవద్దు. ఖాళీ చేతులతో వచ్చినా పర్వాలేదు, అబద్ధం మోసుకొని రావద్దు. నేల లేనివాళ్లం అంటారా? పగిలిన బకెట్టు చాలు. సెలవుల మొదటి రోజు మీ పిల్లతో విత్తించండి. మెంతికూర మూడు వారాల్లో చేతికొస్తుంది, తోటకూర నెలలో, ముల్లంగి నెలన్నరలో. కోత పండుగకు అన్నీ అందుతాయి. అది కూడా కుదరకపోతే ఈ రాత్రి నుంచే పిడికెడు బియ్యం తీయించండి. తీసేది మాత్రం పిల్ల చెయ్యి కావాలి. పురుగు పడితే పడనివ్వండి, మొలక ఎండితే ఎండనివ్వండి. ఎండిన మొలక గురించి చెప్పడానికి వచ్చిన పిల్లను కూడా నేను ముందు వరసలో నిలబెడతాను. వానకూ ఎండకూ దేవుడే దిక్కు అన్న సంగతి, ఎండిన మొలక పట్టుకున్న పిల్లకే బాగా తెలుస్తుంది.

ఆ బీరకాయల పిల్లవాడు మొన్న నాకు కనిపించాడు. "ఈసారి కూడా వేశావారా?" అని అడిగాను. "వేశానయ్యగారూ, ఈసారి సొర" అన్నాడు. ఆ సొరకాయ ఈసారి వంటవాళ్ల కుప్పలో కలవదు. వాడి చేతిలోనుంచి నా రెండు చేతులతో నేనే అందుకుంటాను.

ప్రార్థించుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, మా పిల్లల చేతుల్లో మేము పెట్టిన అబద్ధాన్ని క్షమించు. పనికీ పరుగుకూ మధ్య మా బిడ్డల పక్కన కూర్చునే ఒక్క గడియ మాకివ్వు. వాళ్లు విత్తే చిన్న గింజను నీవే మొలిపించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సంఘ కాపరి