అల్లు వారి పెద్దాయన

మొన్న టికెట్ల క్యూలో ఓ కుర్రాడు పక్కవాడితో అంటున్నాడు: "అల్లు రామలింగయ్య అంటే మన బన్నీ వాళ్ళ తాతే కదరా!" నిజమేనండీ. అయినా నాకు ఒళ్ళు మండింది. తాతకి మనవడి చిరునామా చెప్పాలా?

1922లో పాలకొల్లులో పుట్టి, నాటకాలాడి, 1953లో 'పుట్టిల్లు'తో వెండితెర కెక్కిన మనిషాయన. వెయ్యికి పైగా చిత్రాలు! 'మాయాబజార్' (1957)లో వంగరతో కలిసి శర్మ, శాస్త్రుల జంటగా చేసిన అల్లరి చూశారా? మగపెళ్ళివారి విందులో అన్ని వంటకాలుండగా గోంగూర కోసం ఆరాటం! మాట అక్కర్లేదు, ఆ మొహం చాలు. అదే మనిషి 'శంకరాభరణం' (1980)లో ప్లీడరు మాధవయ్యగా, శాస్త్రిగారి నేస్తంగా, నవ్విస్తూనే మన కళ్ళు తడిపేశాడు. నన్నడిగితే ఆయన పాత్రల్లో అదే మేటి.

షూటింగు లేకపోతే హోమియో మందులిచ్చేవారు. నవ్వుల డాక్టరుగారి దగ్గర నిజం మందులూ ఉండేవన్నమాట!

ఇక సంసారం సంగతి. కొడుకు అరవింద్ నిర్మాత అయ్యారు. గీతా ఆర్ట్స్ 'బంట్రోతు భార్య' 1974లో వచ్చింది. 1980లో చిరంజీవి అల్లు వారి అల్లుడయ్యారు. 1990లో పద్మశ్రీ. మనవడు బన్నీ హీరో కావడం 'గంగోత్రి' (2003)తో చూసుకున్నారు. ఇంకో మనవడు చరణ్ 'చిరుత' (2007) మాత్రం చూడలేదు. 2004 జూలై 31న వెళ్ళిపోయారు.

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని 'మాయాబజార్' పెట్టండి. గోంగూర దగ్గర ఎవరు ముందు నవ్వుతారో నాకు రాయండి.