ధర నిర్ణయించు అధికార మెవరిది?

ఒక దేశపు ఫోను మఱియొక దేశపు ఫోనుతో మాటాడవలెనన్న రెండును ఒకే ప్రమాణమునకు లోబడి నడువవలయును. యూరపున అట్టి ప్రమాణముల నేర్పరచు సంస్థ ఎట్సీ. దాని కార్యస్థానము ఫ్రాన్సు దేశము. ఆ ప్రమాణములలో అనివార్యముగ ఇమిడిన పేటెంట్లు గలవారు, న్యాయమైన, సబబైన, పక్షపాతములేని షరతులపై లైసెన్సు లిత్తుమని ఆ సంస్థకు మాట యిత్తురు. మాట యిచ్చుట సులభమే. సబబైన ధర యేదో తేల్చు అధికార మెవరిది? నేడు దేశదేశముల న్యాయస్థానములు పెనుగులాడుచున్నది ఈ ప్రశ్నపైననే.

పేటెంటనునది ఒక్కొక్క రాజ్యము తన హద్దులలోపల నిచ్చు హక్కు. జర్మనీ పేటెంటు ఇండియాలో చెల్లదు. ఇండియా పేటెంటు జర్మనీలో చెల్లదు. ఇది న్యాయశాస్త్రమున ఓనమాలు. అయినను 2020 ఆగస్టు 26వ తేదీన బ్రిటిషు సుప్రీంకోర్టు, అన్‌వైర్డ్ ప్లానెట్, హువావే కంపెనీల వ్యాజ్యమున నేమి చెప్పెను? బ్రిటిషు పేటెంటు ఉల్లంఘింపబడినచో ప్రపంచమునకంతటికిని చెల్లు లైసెన్సు షరతులను తామే నిర్ణయింపవచ్చునట! దాని నంగీకరింపనివాని సరకు బ్రిటనులో అమ్ముడుపోకుండ ఇంజంక్షను ఇయ్యవచ్చునట! దానితో కలిపి విన్న మఱియొక దావాలో హువావే అమ్మకములందు సగమునకు పైగా చైనాలోనివి. బ్రిటను వంతు నూటికి ఒకటి. తన యూర నొక సెంటు నేలపై తగవు వచ్చినదని పది తాలూకాల భూములకు శిస్తు కట్టు మునసబును మన మేమందుము?

దేశదేశమునను దావా వేయవలసివచ్చిన పేటెంటుదారు చితికిపోవుననియు, ఎగవేయువాడు బాగుపడుననియు ఆ తీర్పును సమర్థించువా రందురు. ఇందు సత్యము లేకపోలేదు. ఎగవేతదారుల పక్షము మేము వహింపము. ఎట్సీకిచ్చిన మాటయే కోర్టున కీ యధికార మిచ్చినదని కూడ వారందురు. కాని ఆ యొడంబడికకు వర్తించునది ఫ్రెంచి చట్టము. ఇంజంక్షను భయమున చేసిన సంతకమును సమ్మతి యనుట మాటల గారడి.

పోనిండు, ధరయైన నిశ్చయముగ తేలుచున్నదా? ఆప్టిస్, ఆపిల్ వ్యాజ్యమున 2023లో లండను హైకోర్టు కట్టిన మొత్తము, వడ్డీ గాక, 5.64 కోట్ల డాలర్లు. 2025లో అప్పీలు కోర్టు దానిని 50.2 కోట్లు చేసెను. ఒకే నగరమున, ఒకే చట్టము క్రింద, రెండు మెట్ల నడుమ దాదాపు తొమ్మిది రెట్ల భేదము! ఇట్టి తూనికతోనా లోకమునకెల్ల ధర తూచుట?

ఒకరు హద్దు దాటిన తక్కినవా రూరకుందురా? 2020లోనే చైనాలోని ఊహాన్ కోర్టు, షియోమీ కోరగా, ఇంటర్‌డిజిటల్ కంపెనీ ఇండియాలో దావా నడుపరాదని యాజ్ఞాపించెను. మన ఢిల్లీ హైకోర్టు ఆ యాజ్ఞను అమలు జరుపరాదని ఎదురాజ్ఞ యిచ్చెను. ఇట్టి యాజ్ఞలపై 2022లో యూరోపియను యూనియను ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసెను. చైనా కోర్టులు ఉభయుల సమ్మతి లేకయే ప్రపంచధర కట్టుచున్నవని 2025లో మఱల మొఱపెట్టెను. ఊహాన్‌లో దోషమైనది లండనులో గుణమెట్లగును?

దీనికి మందు కోర్టుల పోటీ కాదు. ఏ కోర్టునకైనను తన దేశపు పేటెంటే హద్దు కావలయును. ప్రపంచధర కావలసినచో ఉభయులును మనఃపూర్వకముగ ఒప్పుకొన్న మధ్యవర్తుల యెదుటికి పోవలయును. అనివార్య పేటెంట్లకొక పట్టికను, కోర్టునకు ముందొక రాజీ మార్గమును యూరోపియను కమిషను 2023 ఏప్రిలులో ప్రతిపాదించెను. ఏకాభిప్రాయము కుదురు ఆశ లేదని 2025 ఫిబ్రవరిలో దానిని ఉపసంహరింతునని ప్రకటించెను. దారి కఠినమని హద్దురాళ్లు పెరికివేయుదురా?

తగవు కంపెనీలదని మనము చూచుచు కూర్చుండరాదు. ఎచ్చట ఏ న్యాయాధిపతి ధర కట్టినను అది తుదకు చేరునది ఫోను కొనువాని జేబునకే. తనకు దూరమున, తన మాట వినక నిర్ణయింపబడిన ధరను చెల్లించువాడు ఆ యధికారము నీకెవరిచ్చిరని యడుగుట తప్పుగాదు, అడుగకుండుటయే తప్పు.