చివరి రీలులో శిక్ష

కథ చెప్పి ముగించిన వెంటనే ఉపాధ్యాయుడు తరగతిలో వేయు ప్రశ్న ఒకటి కలదు: "ఈ కథ వలన మీరు గ్రహించిన నీతి యేమి?" ప్రశ్న ప్రాచీనమైనది, దానిని ఎగతాళి చేయుట నా ఉద్దేశము కాదు. కాని పిల్లల జవాబు ఎప్పుడును కథలోని చివరి వాక్యమునుండియే వచ్చును. దొంగ పట్టుబడినాడు గనుక దొంగతనము తప్పు. అబద్ధమాడినవానికి దెబ్బలు పడినవి గనుక అబద్ధమాడుట తప్పు. పట్టుబడకపోయిన యెడల? ఆ సంగతి పాఠములో లేదు. అయినను పిల్లలు దానిని తప్పక గ్రహింతురు. పరీక్ష గదిలో పర్యవేక్షకుడు వెనుదిరిగిన క్షణమున వారికి జ్ఞప్తికి వచ్చునది పాఠములో లేని ఆ భాగమే.

ఐరోపాలో పుట్టిన ఒక తెగ నేరకథలను గురించి వ్రాయబూని ఈ మాట ముందుగా చెప్పుటకు కారణమున్నది. వివాహబంధమును దాటిన వలపు, దాని కొరకై హత్య, ఆ హత్యకు ప్రతీకారము. ఈ మూడింటి చుట్టు తిరుగు నవలలు, చలనచిత్రములు ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను దేశములలో శతాబ్దమునకు పైగా వచ్చినవి. ఇవి విద్యార్థులకు తగవని మన పెద్దలు త్రోసివేయుదురు. సమర్థించువారు సైతము "చివరకు పాపులకు శిక్ష పడినది గదా" అనియే సమర్థింతురు. ఉభయపక్షములును చూచుచున్నది చివరి పుటను, చివరి రీలును మాత్రమే. ఈ కథలలో మేలైనవి చెప్పు సంగతి వేరు. శిక్ష చివర రాదు. నేరము జరిగిన గడియనుండియే అది ఆరంభమగును; పోలీసువాని రాకకై కాచుకొని యుండదు.

ఈ తెగకు పెద్ద అనదగిన నవల ఎమిల్ జోలా 1867లో ప్రకటించిన "తెరేజ్ రకాన్". పారిస్ నగరమున వెలుతురు చొరని ఒక సందులో సూదులు, దారములు, బొత్తాములు అమ్ముకొను చిన్న అంగడి. అంగడి యజమానురాలు రకాన్ అనెడి వృద్ధురాలు. ఆమె రోగిష్ఠి కుమారుడు కమీల్. మేనకోడలును కోడలును అయిన తెరేజ్. కమీల్ కచేరీ మిత్రుడు లోరాన్ ఆ యింటికి వచ్చి తెరేజ్‌కు ప్రియుడగును. ఇరువురును కలిసి కమీల్‌ను నదిలో పడవ షికారునకు తీసికొనిపోయి ముంచి చంపుదురు. మునుగుచున్నవాడు లోరాన్ మెడ కొరికినాడు. అంతటితో హత్య ముగిసినది. లోకము దానిని ప్రమాదమని నమ్మినది. కాని నవలలో సగమునకు పైగా ఇంకను మిగిలియే యున్నది!

ఇక్కడ జోలా చేసిన పని గమనింపదగినది. ప్రతి గురువారము ఆ యింట డామినోలు ఆడుటకు వచ్చు నలుగురిలో మిషో అను వృద్ధుడు పదవీ విరమణ చేసిన పోలీసు అధికారి. అతని కుమారుడును పోలీసు కార్యాలయ ఉద్యోగియే. చట్టము వారము వారము హంతకుల యింటికి వచ్చి, తేనీరు త్రాగి, ఆట ఆడి, శుభరాత్రి చెప్పి పోవుచున్నది. దానికేమియు కనబడదు. హంతకులు పెండ్లియు చేసికొన్నారు. పెండ్లికి తొందరపెట్టినవారును ఆ గురువారపు మిత్రులే. కాని పెండ్లి నాటి రాత్రినుండి వారిరువురి నడుమ మునిగినవాని శవము పండుకొని యున్నది. మెడ మీది గాటు మానలేదు.

పక్షవాతముతో మాటయు చలనమును కోల్పోయిన తల్లికి ఒకనాడు నిజము తెలిసినది. ఆమె శరీరమున ప్రాణమున్నవి కన్నులు మాత్రమే. ఒక గురువారము రాత్రి, సర్వశక్తులు కూడగట్టుకొని, మేజా బల్ల మీద వ్రేలితో అక్షరములు దిద్దనారంభించినది. తెరేజ్, లోరాన్ అను పేర్ల వరకు వచ్చి, వాక్యము పూర్తి గాకముందే చేయి పడిపోయినది. వచ్చిన అతిథులు దానికి చెప్పుకొన్న అర్థమేమి? వారిరువురును తనను చక్కగా చూచుకొనుచున్నారని ఆమె చెప్పబోయినదట! ప్రపంచ సాహిత్యమున ఇంతకంటె భయంకరమైన హాస్యము నేను చదువలేదు. చివరకు ఒకరినొకరు చంపుకొనుటకు ఒకే రాత్రి సిద్ధపడి, ఆ సంగతి పరస్పరము కనిపెట్టి, ఉన్న విషమును పంచుకొని త్రాగి మరణింతురు. ముసలితల్లి కుర్చీలో కూర్చుండి ఆ శవములను గంటల తరబడి చూచుచుండును. ప్రతీకారము తీరినది, కాని ఆమె చేసిన దేమియు లేదు, చూచుట తప్ప.

ఈ గ్రంథమును 1868 జనవరిలో ఫిగారో పత్రికలో ఒక విమర్శకుడు మారుపేరుతో ఎండగట్టి, దానికి కుళ్లిన సాహిత్యమని పేరు పెట్టినాడు. అంతకు పదకొండేండ్లకు ముందు, 1857లో, ఫ్లోబేరు "మదామ్ బోవరీ" నవలపై ప్రభుత్వము నీతిబాహ్యమని అభియోగము తెచ్చినది. న్యాయస్థానము దానిని కొట్టివేసినది. మన తెలుగునాట చలంగారి "మైదానము" మోసిన నిందలు తెలిసినవారికి ఈ ధోరణి క్రొత్త కాదు. జోలా తన రెండవ ముద్రణకు పీఠిక వ్రాసి, తాను చేసినది శస్త్రవైద్యుడు శవములపై చేయు పరీక్ష వంటిదని సమర్థించుకొన్నాడు. ఆ శాస్త్రవాదము నాకంతగా రుచింపదు. రక్తము, నరములు, ప్రకృతి అని అతడు పీఠికలో ఎంత చెప్పినను, నవలలో నిలిచినది ఆ వ్రేలు, ఆ మేజా బల్ల.

1953లో మార్సెల్ కార్నే ఈ కథను చలనచిత్రముగా తీసి, నదికి బదులు రైలుబండిని, నాటి పారిసుకు బదులు తన కాలపు లియోన్ నగరమును పెట్టినాడు. హత్య గుట్టు తెలిసి డబ్బు గుంజుటకు వచ్చు నావికుని ఒకనిని క్రొత్తగా కల్పించినాడు. సిమోన్ సిన్యోరే నటన గొప్పది. కాని నావికుడు వచ్చిన క్షణముననే కథలోని భయము లోపలినుండి బయటికి వచ్చినది. బయటి శత్రువునకు డబ్బు ఇచ్చి పంపవచ్చును. జోలా సృష్టించిన శవమునకు ఎంత యిచ్చి పంపుదురు?

ఉపాధ్యాయులకు ప్రత్యేకించి చెప్పవలసినది 1955లో వచ్చిన క్లూజో చిత్రము "లే దియాబోలిక్". బ్వాలో, నార్సెజాక్ అను జంట రచయితల 1952 నాటి నవల దీనికి మూలము. నవలలో పాఠశాల లేదు; చిత్రములోని కథ మాత్రము ఒక వసతి పాఠశాలలో జరుగును. ప్రధానోపాధ్యాయుడు క్రూరుడు, పిసినారి. బడి అతని భార్య సొత్తు. ఆమె గుండెజబ్బు మనిషి. అదే బడిలోని ఒక ఉపాధ్యాయిని అతని ప్రియురాలు. ఈ ఇరువురు స్త్రీలును ఏకమై అతనిని స్నానపు తొట్టిలో ముంచి, పెట్టెలో తెచ్చి, బడి ఈతకొలనులో పడవేయుదురు. కొలను తోడించి చూడగా అందులో శవము లేదు. తరువాతి కథను ఇతరులకు చెప్పవలదని చిత్రము చివర దర్శకుడే తెరమీద అర్థించినాడు. ఆ మాటను నేను మన్నించెదను.

అయితే రహస్యము తెలిసిన పిమ్మట మరల చూచినచో ఈ చిత్రమున మిగులునది ఏది? భయము మిగలదు, అది ఒక్కసారికే పనిచేయు యంత్రము. మిగులునది బడి. చౌకగా కొన్న కుళ్లిన చేపను పిల్లలచేత తినిపించుట. నిండు భోజనశాలలో భార్య మ్రింగలేకపోవుచున్న ముద్దను బలవంతముగా మ్రింగించుట. ఉపాధ్యాయుల సారా గ్లాసులను సైతము లెక్కించుట. వారు నోరు మెదపక తలలు వంచుకొని తినుట. మొయినే అను బాలుడొకడు తాను కన్నది కన్నట్లు చెప్పినందుకు అబద్ధాలకోరనిపించుకొని శిక్ష ననుభవించును. ఆ బడిలో అందరికంటె నిజము చెప్పినవాడు వాడే. గోడమూలకు నిలబెట్టబడినవాడును వాడే. ఇంత చక్కని పాఠశాలను కల్పించి క్లూజో దానిని ఒక తమాషాకు తాకట్టు పెట్టినాడని నా ఫిర్యాదు.

ఇక ప్రతీకారమును భర్తయే తీర్చుకొను కథ. కాలక్రమము తప్పినను దీనిని ఇచ్చటనే చెప్పెదను. 1969 నాటి క్లోద్ షాబ్రోల్ చిత్రమునకు పేరే "విశ్వాసము తప్పిన భార్య" అని అర్థమిచ్చును. భీమా వ్యాపారములోని మర్యాదస్థుడొకడు తన భార్య ప్రియుని యింటికి పోయి నిదానముగా మాటలాడుచు, తాను భార్యకు బహూకరించిన లైటరు ఆ యింట కనబడగానే చేతికందిన శిల్పముతో వానిని కొట్టి చంపును. ప్రియుడున్నాడని తెలిసి ఓర్చుకొన్నవాడు, ఒక వస్తువును చూచి ఓర్వలేకపోయినాడు! తరువాత పోలీసులు వత్తురు. భర్త కోటు జేబులో ప్రియుని చిత్రపటము భార్యకు దొరకును. ఆమె ఒక్క మాటయు మాటలాడక దానిని కాల్చివేయును. చల్లబడిన దాంపత్యము హత్యతో మరల వెచ్చబడినది. ఇందు నీతి యేమని అడుగువారికి జవాబు లేదు. జవాబు లేని కథను తరగతిలో చెప్పుటకు మనకు ధైర్యము చాలదు. పదియేండ్ల పిల్లలకు దీనిని చూపుమని నేనును అనను, కాని కళాశాల విద్యార్థులకు "భార్య ఆ పటము ఎందుకు కాల్చినది?" అని ఒక్క ప్రశ్న ఇచ్చి చూడుడు. నీతిని గురించి వారు ఆ దినమున వ్రాయునది, వల్లించిన సూక్తులకంటె మేలుగా నుండును.

ఇంతవరకు చెప్పినవానికంటె నాకు ఎక్కువ ప్రియమైనది స్పెయిను దేశపు చిత్రము. హువాన్ అంతోనియో బార్దెమ్ 1955లో తీసిన "ఒక సైకిలు మనిషి మరణము" ఆ సంవత్సరమే కాన్ ఉత్సవమున విమర్శకుల బహుమతి పొందినది. అది ఫ్రాంకో నిరంకుశ పాలనాకాలము. బార్దెమ్ సామ్యవాది, మరుసటి సంవత్సరమే చెరసాల చూచినవాడు. కథ ఇది. హువాన్ విశ్వవిద్యాలయమున జ్యామితి బోధించు సహాయాచార్యుడు. ఆ ఉద్యోగము బావగారి పలుకుబడి వలన వచ్చినది. మరియా హోసే ఒక ధనవంతుని భార్య, అతని ప్రియురాలు. ఇరువురును కారులో రహస్యముగా తిరిగివచ్చుచు ఒక సైకిలు మనిషిని గ్రుద్దివేయుదురు. అతనిలో ఇంకను ప్రాణమున్నది. సహాయమునకు పోయినచో గుట్టు బయటపడును. అతనిని బాట మీదనే విడిచి వెడలిపోవుదురు.

తరగతిగదిలో మతిల్దే అను విద్యార్థిని నల్లబల్ల మీద లెక్క చేయుచున్నది. ఆచార్యుడు వార్తాపత్రికలో సైకిలు మనిషి మరణవార్త చదువుచున్నాడు. చెవికి ఆమె గొంతు భారమైనది; చాలించుమని కసరి, ఆమె పరీక్షను చెడగొట్టినాడు. ఆమె చేసిన తప్పేమియు లేదు. హత్యను ఎవరును చూడలేదు. ఈ అన్యాయమును తరగతి అంతయు చూచినది. విద్యార్థులు ఆందోళన చేయుదురు, కిటికీ అద్దములు పగులును. ఆ గొడవలో హువాన్‌కు ఒక సంగతి స్ఫురించినది: ఈ పిల్లలు ఒక్కతెకు జరిగిన అన్యాయమునకై అందరును కదలినారు, తాను మాత్రము ఒక్క ప్రాణము కొరకు కారు దిగి నిలువలేకపోయినాడు.

గురువు శిష్యులవలన దారి తెలిసికొన్న ఘట్టము ఏ నేరకథలోను ఇంత సహజముగా రాలేదు. అతడు మతిల్దేను క్షమాపణ వేడి, ఉద్యోగమునకు రాజీనామా వ్రాసి, పోలీసులకు లొంగిపోవుదమని ప్రియురాలిని కోరును. పోలీసులు అతనిని పట్టలేదు. పట్టినది తాను చెడగొట్టిన ఒక విద్యార్థిని లెక్క.

మరియా హోసే మాత్రము సంపదను వదులుకొనలేదు. యుద్ధకాలమున హువాన్ సైనికుడుగా కందకములలో గడిపిన ఆ చోటనే, ఆ బాట మీదనే, అతనిని తన కారుతో త్రొక్కించి చంపి, భర్తతో దేశము విడిచిపోవుటకు వేగముగా బయలుదేరును. చీకటిలో మరియొక సైకిలు మనిషి అడ్డు వచ్చును. తప్పింపబోయి వంతెన మీదనుండి పడి ఆమె మరణించును. జారిణి చావక తప్పదని సెన్సారువారు పట్టుపట్టిన ఫలితమిది. ఇటలీ దర్శకుడు విస్కోంతి 1943 నాటి "ఒస్సెస్సియోనే" చిత్రమునను కథానాయిక కారు ప్రమాదముననే మరణించినది. కథకునకు పోలీసు దొరకనప్పుడు మోటారుబండి దొరకును గాబోలు! నాటి స్పెయిను ప్రభుత్వమునకు నీతి అనగా ఇదియే: నిరపరాధియైన కార్మికుడు బాట ప్రక్కన చచ్చిన చావునకు కాదు, శయ్య తప్పిన స్త్రీకి శిక్ష.

కాని బార్దెమ్ చతురుడు. అడిగిన శవమును వారికిచ్చి, తనకు కావలసిన మనిషిని తాను ఉంచుకొన్నాడు. కారు పడిపోయిన పిమ్మట రెండవ సైకిలు మనిషి దిగి, క్రిందికి తొంగిచూచును. ఒక్క క్షణము తటపటాయించును. అతనిని చూచువారెవరును లేరు. పోయినను అడుగువారు లేరు. అతడు మరల సైకిలెక్కి, దూరమున వెలుగుచున్న ఒక యింటి దీపము వైపు, సహాయము పిలుచుకొని వచ్చుటకు, త్రొక్కుకొని పోవును.